గాలిలోంచి నేల మీదికి

ఎగురుతున్న విమానానికి నేలతో పని లేదు. తమ మీదుగా గాలి ఎంత వేగంగా పారుతోంది, ఏ కోణంలో తగులుతోంది అన్నదే రెక్కలకు ముఖ్యం. కింద పొలాలు, రోడ్లు ఎటు కదులుతున్నాయో వాటికి పట్టదు. చక్రాల సంగతి వేరు. వాటికి కావలసింది నేల మీది వేగం, నేల మీది దిశ. చక్రం తన ముందుకే దొర్లగలదు. పక్కకు ఈడిస్తే టైరు గీసుకుపోతుంది, దాన్ని మోసే కాలు వంగుతుంది, విమానం అదుపు తప్పుతుంది. దిగడమంటే విమానం బరువును రెక్కల నుంచి చక్రాలకు అప్పగించడం. గాలి కదలని తెల్లవారుజామున ఈ రెండు లెక్కలూ ఒకటే కాబట్టి అప్పగింత తేలిక. గాలి వీచే మధ్యాహ్నం అవి విడిపోతాయి. విడిపోయిన ఆ రెంటినీ చివరి కొన్ని క్షణాల్లో కలపడమే గాలిలో ల్యాండింగ్ అనే విద్య. అవి కలవనప్పుడు దిగకుండా మళ్లీ పైకి వెళ్లగలగడం కూడా ఆ విద్యలో సగం.

పెద్ద విమానాల కంటే చిన్నవాటికి ఈ విద్య ఎక్కువ అవసరం. శిక్షణ పాఠశాలల్లో విరివిగా కనిపించే సెస్నా 172 నిండు బరువుతో కూడా పన్నెండు వందల కిలోలకు మించదు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11 మీటర్లు. రన్‌వే వైపు అది వచ్చే వేగం సుమారు 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. జెట్ విమానం దాదాపు 140 నాట్లతో వస్తుంది. ఇరవై నాట్ల గాలి జెట్ వేగంలో ఏడో వంతు, సెస్నా వేగంలో మాత్రం దాదాపు మూడో వంతు. అదే గాలి చిన్న విమానాన్ని ఎక్కువ నెడుతుంది, ఎక్కువ ఊపుతుంది. విమానం తేలికైనదవడం వల్ల ప్రతి విసురూ పైలట్ చేతికి నేరుగా తెలుస్తుంది.

గాలి ఎప్పుడూ శత్రువే అనుకోవడం పొరపాటు. ఎదురుగా వీచే గాలి దిగే విమానానికి పెద్ద సాయం. 65 నాట్ల గాలివేగంతో వచ్చే విమానానికి 15 నాట్ల ఎదురుగాలి ఉంటే నేల మీద దాని వేగం 50 నాట్లే. బ్రేకులు చల్లార్చాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ శక్తి సుమారు 40 శాతం తగ్గిపోతుంది. అదే 10 నాట్ల వెనకగాలి అయితే నేల వేగం 75 నాట్లకు చేరి, శక్తి మూడో వంతు పెరుగుతుంది. కొద్దిపాటి వెనకగాలితో దిగినా పొట్టి రన్‌వే చాలకపోవడం ఇందువల్లే. అందుకే విమానాన్ని గాలికి ఎదురుగా దింపాలన్నది ఈ విద్యలో మొదటి సూత్రం.

తొలినాళ్లలో ఈ సూత్రాన్ని పాటించడం సులువుగా ఉండేది. విమానాశ్రయమంటే విశాలమైన పచ్చిక మైదానం. గాలి ఎటు నుంచి వస్తే అటు ముఖం పెట్టి దిగేవారు. బరువైన విమానాలకు గట్టి రన్‌వేలు వేయాల్సి వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో కట్టిన బాంబర్ స్థావరాలు చాలావాటిలో మూడు రన్‌వేలు త్రికోణంలా ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉండేవి. గాలి ఎటు తిరిగినా ఏదో ఒకటి దానికి దగ్గరగా ఉండాలన్నది ఉద్దేశం. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఒకే దిశ. అందుకే రన్‌వే వేసేముందే ఆ ప్రాంతపు గాలులను, వీలైతే అయిదేళ్లకు తగ్గకుండా, లెక్కగడతారు. కనీసం 95 శాతం సమయం పక్కగాలి హద్దులో ఉండేలా దిశ ఎంచుకోవాలన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫారసు. పొట్టి రన్‌వేలకు ఆ హద్దు 10 నాట్లు, పొడవైన వాటికి 20 నాట్లు. హైదరాబాద్‌లో బేగంపేట రన్‌వే, శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా 09, 27 అంకెలతోనే ఉన్నాయి. ఆ అంకె దిక్సూచి చూపే దిశలో చివరి సున్నా తీసేసినది. 27 అంటే 270 డిగ్రీలు, పడమర. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్కన్ మీద పడమటి గాలి బలంగా వీస్తుంది కనుక ఆ నెలల్లో విమానాలు ఎక్కువగా పడమటికి ముఖం పెట్టి దిగుతాయి.

గాలి రన్‌వేకు సరిగ్గా ఎదురుగా వీచే రోజులు తక్కువ. కొంత ఎదురు, కొంత పక్క కలిసి వస్తుంది. ఆ రెంటినీ విడదీసి చూడటం పైలట్ చేయాల్సిన మొదటి లెక్క. రన్‌వేకు, గాలికి మధ్య కోణం 30 డిగ్రీలైతే గాలి వేగంలో సగం పక్కగాలి. 45 డిగ్రీలైతే దాదాపు ముప్పాతిక. 60 దాటితే మొత్తం గాలీ పక్కగాలే అనుకోవడం క్షేమం. 27 రన్‌వే మీద దిగబోతున్న విమానానికి 240 డిగ్రీల నుంచి 20 నాట్ల గాలి అని టవర్ చెబితే పక్కగాలి 10 నాట్లు, ఎదురుగాలి 17. అదే గాలి అదే వేగంతో 210 డిగ్రీలకు తిరిగితే పక్కగాలి 17, ఎదురుగాలి 10. గాలి బలం మారలేదు, దిశ కాస్త దక్షిణానికి జరిగింది, అంతే. తేలికగా దిగగలిగిన రోజు కష్టమైన రోజుగా మారడానికి అది చాలు.

టవర్ చెప్పిన గాలి ఒక చోట కొలిచినది. విమానం తాకే చోట గాలిని చూపేది విండ్‌సాక్. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 3.6 మీటర్లకు తగ్గని పొడవుతో, దూరం నుంచి కనిపించే రంగుతో ఉండే గుడ్డ గొట్టం. సాధారణ విండ్‌సాక్ 15 నాట్ల దగ్గర నేలకు సమాంతరంగా చాచుకుంటుంది. వేలాడుతూ లేస్తూ ఉంటే గాలి విసురుగా ఉందని, అటూ ఇటూ తిరుగుతుంటే దిశ నిలకడగా లేదని అర్థం. అనుభవజ్ఞులు చివరి మలుపు తర్వాత కూడా దాని మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. అయిదు నిమిషాల కిందటి కబురు కంటే కళ్లముందు ఊగుతున్న గుడ్డ మాట నమ్మదగినది.

పక్కగాలి ఎంతవరకు ఫరవాలేదన్నదానికి విమానం పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. సెస్నా 172కు అది 15 నాట్లు. తయారీ సంస్థ పరీక్షా పైలట్ ఆ గాలిలో విమానాన్ని దించి చూపాడని ఆ అంకె చెబుతుంది. నిబంధన కోరే కనీస ప్రదర్శన, దిగే అమరికలో స్టాల్ వేగంలో, అంటే రెక్కలు విమానాన్ని ఇక మోయలేని వేగంలో, అయిదో వంతు. ఆ వేగం సెస్నాకు 40 నాట్లు కాబట్టి 8 నాట్లు చూపినా సరిపోయేది. 15 దాటితే విమానం దిగలేదని ఈ అంకెకు అర్థం కాదు. 15 లోపైతే ఎవరైనా దించగలరని కూడా కాదు. అది నిపుణుడి చేతిలో విమానం చేసిన పని. నిన్నమొన్న మొదటిసారి ఒంటరిగా ఎగిరిన విద్యార్థి హద్దు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. అందుకే శిక్షణ పాఠశాలలు విద్యార్థులకు వేరే హద్దులు పెడతాయి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చున్న అనుభవం పెరిగేకొద్దీ వాటిని సడలిస్తాయి.

ల్యాండింగ్ రన్‌వే మీద మొదలవదు. దాని మంచిచెడులు చాలావరకు సర్క్యూట్‌లోనే, అంటే దిగేముందు రన్‌వే పక్కన కొట్టే దీర్ఘచతురస్రపు చుట్టులోనే, తేలిపోతాయి. 27 రన్‌వేకు ఎడమ సర్క్యూట్‌లో, నైరుతి గాలిలో తిరిగే విమానాన్ని తీసుకుంటే, తూర్పు వైపు వెళ్లే డౌన్‌విండ్ భాగంలో గాలి దాన్ని వేగంగా ముందుకు తోస్తూ, రన్‌వే వైపుకూ నెడుతుంది. ఉత్తరానికి తిరిగిన బేస్ భాగంలో గాలి వెనక నుంచి తోస్తుంది. మలుపు ఆలస్యమైతే విమానం రన్‌వే గీతను దాటిపోతుంది. అప్పుడు మలుపును ఇంకా బిగించాలని, తోక నిలువు పలకను తిప్పే ఎడమ రడ్డర్ పెడల్ ఇంకాస్త తొక్కి ముక్కు తిప్పాలని అనిపిస్తుంది. ప్రాణాంతకమైన ప్రమాదాలకు ఇది తెలిసిన దారి. విమానాన్ని 45 డిగ్రీలు ఒరిపి ఎత్తు నిలుపుకుంటూ తిప్పితే స్టాల్ వేగం దాదాపు 19 శాతం, 60 డిగ్రీలైతే 41 శాతం పెరుగుతుంది. దానికి రడ్డర్ తోపు తోడైతే లోపలి రెక్క ముందుగా స్టాలై విమానం గిరికీలు కొట్టవచ్చు, కోలుకోవడానికి ఎత్తు ఉండదు. జవాబు సరళమైనది: ముందే తిరగాలి, ఒరుపు 30 డిగ్రీలు దాటకూడదు, గీత దాటిపోతే ఆ ప్రయత్నాన్ని అక్కడే వదిలేయాలి.

రన్‌వే గీత వెంట సాగే చివరి భాగం, ఫైనల్‌కు వచ్చాక వేగమే ప్రాణం. గాలి విసురుగా ఉన్నప్పుడు మామూలు వేగానికి కొంత చేర్చాలి. ఎంత చేర్చాలన్నదానికి తరచూ వాడే లెక్క, విసురు అదనపు వేగంలో సగం. గాలి 15 నాట్లు, విసురు 25 అయితే తేడా 10, చేర్చాల్సింది 5. విసురు హఠాత్తుగా తగ్గినప్పుడు రెక్కల మీద గాలివేగం ఒక్కసారిగా పడిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి ఈ అయిదు నాట్లు. భయంతో పదిహేను చేర్చినవారు మరో ప్రమాదం కొనితెచ్చుకుంటారు. వేగం పది శాతం పెరిగితే ఆగే దూరం సుమారు ఇరవై శాతం పెరుగుతుంది. పైగా వేగం ఎక్కువైన విమానం నేలకు అడుగు ఎత్తున తేలుతూ, పక్కగాలికి ఎక్కువ సేపు చిక్కి ఉంటుంది. రెక్కల వెనక అంచున కిందికి దించే ఫ్లాప్స్ విషయంలోనూ ఇదే మితం. బలమైన పక్కగాలిలో రన్‌వే పొడవుకు చాలినంత తక్కువ ఫ్లాప్స్ వాడమని సెస్నా పుస్తకమే చెబుతుంది.

నేల దగ్గరి గాలి పై గాలిలా ఉండదు. నేల రాపిడి వల్ల కిందికి వచ్చేకొద్దీ గాలి నెమ్మదిస్తుంది. రెండు వందల అడుగుల ఎత్తున 20 నాట్ల ఎదురుగాలిలో వస్తున్న విమానం చెట్ల ఎత్తుకు దిగేసరికి 12 నాట్ల గాలిలో ఉండవచ్చు. ఆ మేరకు దాని గాలివేగం తగ్గి, ఉన్నట్టుండి కిందికి జారుతున్నట్టు అనిపిస్తుంది. గాలి వచ్చే వైపు హ్యాంగర్లు, చెట్ల వరుస, గుట్ట ఉంటే వాటి వెనక సుడులు పుడతాయి. ఎండాకాలంలో దక్కన్ రాళ్లు కాగి పైకి లేచే వేడిగాలి ఈ ఊపును పెంచుతుంది. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల మబ్బుల విషయంలో. మబ్బులోంచి కిందికి కుమ్మరించిన చల్లగాలి వానకంటే ముందుగా, కిలోమీటర్ల దూరం దుమ్ము లేపుతూ పరుగెత్తుకొస్తుంది. అది వచ్చిన కొన్ని నిమిషాల్లో గాలి దిశ పూర్తిగా తిరిగిపోవచ్చు. ఆ దుమారం దూరాన కనిపించినప్పుడు చిన్న విమానం చేయాల్సింది దానికి దూరంగా ఉండి, అది దాటిపోయేదాకా ఆగడం.

పక్కగాలిలో రన్‌వే గీత మీద నిలవడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది క్రాబ్. గోదావరి దాటే పడవవాడు అవతలి రేవుకు నేరుగా చేరాలంటే పడవ ముక్కును ప్రవాహానికి ఎగువగా పెడతాడు. విమానమూ అంతే. ఎడమ నుంచి గాలి వస్తే ముక్కును ఎడమకు కొంత తిప్పి ఉంచితే, చూడటానికి ఏటవాలుగా ఉన్నా, దాని దారి సరిగ్గా రన్‌వే గీత మీదే సాగుతుంది. 65 నాట్ల విమానానికి 15 నాట్ల పక్కగాలిలో ఈ కోణం సుమారు 13 డిగ్రీలు. రెక్కలు సమంగా ఉంటాయి, ప్రయాణం హాయిగా ఉంటుంది. అయితే ఈ స్థితిలో చక్రాలు నేలను తాకితే అవి 13 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటాయి. అందుకే తాకేముందు ముక్కును గీతకు సరిచేయాలి.

రెండో పద్ధతి గాలి వచ్చే వైపు రెక్కను వంచడం. రెక్కల కొసల దగ్గర కదిలే పలక, ఎయిలరాన్‌తో ఎడమ రెక్కను కొద్దిగా కిందికి వంచితే, రెక్కల ఎత్తుబలంలో కొంత ఎడమకు తిరిగి గాలి తోపును ఆపుతుంది. ఆ వంపు వల్ల ముక్కు ఎడమకు తిరగకుండా కుడి రడ్డర్ తొక్కి పట్టాలి. విమానం కొంచెం ఒరిగి ఉంటుంది, ముక్కు మాత్రం రన్‌వే వెంట చూస్తుంది, పక్కకు జరగడం ఆగుతుంది. ఇక్కడ రెండు చేతులకూ రెండు కాళ్లకూ పని విభజన స్పష్టం: పక్కకు జరగడాన్ని ఎయిలరాన్ చూసుకుంటుంది, ముక్కు దిశను రడ్డర్ చూసుకుంటుంది. ఈ పద్ధతిలో ఇంకో మేలుంది. కుడి రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు ఇంకా గాలి వైపు తిరిగిపోతుంటే, ఆ గాలి ఆ విమానానికి ఎక్కువని తెలిసిపోతుంది. నేలకు ఇంకా వందల అడుగుల ఎత్తున ఉండగానే వచ్చే ఈ సమాచారం ఎంతో విలువైనది.

చాలామంది పైలట్లు రెంటినీ కలుపుతారు. ఫైనల్ అంతా క్రాబ్‌లో వచ్చి, రన్‌వే అంచు దాటాక రడ్డర్‌తో ముక్కు సరిచేసి, అదే క్షణంలో గాలి వైపు రెక్క వంచుతారు. ముక్కును మెల్లగా పైకెత్తి వేగం కరిగించే ఫ్లేర్‌లో కూడా ఆ వంపును, రడ్డర్‌ను వదలకూడదు. వేగం తగ్గేకొద్దీ ఎయిలరాన్, రడ్డర్ పలకల మీద గాలి బలం తగ్గుతుంది కనుక వాటిని ఇంకా ఎక్కువ కదపాల్సి వస్తుంది. ముందుగా గాలి వైపు ప్రధాన చక్రం తాకుతుంది, తర్వాత రెండో చక్రం, చివరగా ముక్కు చక్రం. ఒక్క చక్రం మీద దిగడం కొత్తవారికి భయంగొలిపినా, పక్కగాలిలో సరైన దిగుడు అదే.

ఈ సమస్యకు ఇంజనీర్లు వేరే జవాబులూ వెతికారు. ఫ్రెడ్ వీక్ రూపొందించిన ఎర్‌కూప్ అనే చిన్న విమానానికి చాలాకాలం రడ్డర్ పెడళ్లే లేవు. అది క్రాబ్‌లోనే తాకుతుంది, దాని దృఢమైన చక్రాల అమరిక విమానాన్ని గీతకు తిప్పుతుంది. బోయింగ్ బీ-52 బాంబర్‌లో చక్రాలను 20 డిగ్రీల దాకా తిప్పి అమర్చవచ్చు, విమానం ముక్కు ఏటవాలుగా ఉండగానే చక్రాలు రన్‌వే వెంట దొర్లుతాయి. రెండూ తెలివైన జవాబులే అయినా, మామూలు చిన్న విమానంలో ఆ పని పైలట్ కాళ్లూ చేతులే చేయాలి.

చక్రాలు తాకగానే ఎగరడం పూర్తయిందనుకుని చేతులు వదిలేయడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. విమానం ఇంకా సగం గాలిదే. గాలి వైపు రెక్కను లేపడానికి విసురు ఎదురుచూస్తుంటుంది. అందుకే వేగం తగ్గేకొద్దీ, చేతిలోని స్టీరింగ్ లాంటి యోక్‌ను గాలి వైపు ఇంకా తిప్పుతూ, చివరికి పూర్తిగా తిప్పి పట్టాలి. ముక్కు చక్రం ఉన్న విమానంలో బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు ముందుంటుంది కాబట్టి అది కొంతవరకు తనంతట తానే నేరుగా సర్దుకుంటుంది. పైపర్ కబ్ లాంటి తోక చక్రం విమానాల్లో బరువు కేంద్రం వెనకుంటుంది. ముక్కు కాస్త పక్కకు తప్పితే వెనకభాగం ముందుకు రావాలని చూస్తుంది, సకాలంలో రడ్డర్ వేయకపోతే విమానం రన్‌వే మీదే గిర్రున తిరుగుతుంది. ఆ విమానాల మీద నేర్చుకున్నవారి కాళ్లు ఎప్పుడూ మెలకువగా ఉంటాయంటారు.

ఈ ప్రయాణంలో ఎక్కడైనా లెక్క తప్పవచ్చు. విమానం నేలను తాకి బంతిలా ఎగరవచ్చు, గీత పక్కకు పోవచ్చు, వేగం కుదరకపోవచ్చు. అన్నిటికీ ఒకటే మందు: గో-అరౌండ్. పూర్తి శక్తి ఇచ్చి, ముక్కును ఎక్కే భంగిమలో నిలిపి, ఫ్లాప్స్ దశలవారీగా తీస్తూ, మళ్లీ సర్క్యూట్‌లోకి వెళ్లడం. ఎగిరిపడ్డ విమానాన్ని ముక్కు కిందికి నొక్కి బలవంతాన దించబోతే ముక్కు చక్రం ముందు తగిలి, మళ్లీ ఎగిరి, మూడో తాకిడికి ప్రొపెల్లర్ వంగుతుంది. ల్యాండింగ్‌లో జరిగే ప్రమాదాలు చిన్న విమానాల్లో చాలా ఎక్కువ, ప్రాణనష్టం మాత్రం తక్కువ. వాటిలో ఎన్నో, తప్పు తెలిసిన క్షణంలో థ్రాటిల్ ముందుకు తోసి ఉంటే జరిగేవే కావు. ఆ క్షణంలో అడ్డు పడేది తరచూ అభిమానం: కింద నిలబడి చూస్తున్నవాళ్లు ఏమనుకుంటారో అన్న ఆలోచన, ఇంత దూరం వచ్చాక వదిలేయడమా అన్న పట్టుదల. మంచి ఇన్‌స్ట్రక్టర్లు ప్రతి ల్యాండింగ్‌నూ గో-అరౌండ్‌గా మొదలుపెట్టమని నేర్పుతారు. అన్నీ కుదిరితేనే అది ల్యాండింగ్‌గా మారాలి. ఆ అలవాటున్న పైలట్‌కు వెనుదిరగడం ఓటమి అనిపించదు, దిగడమే తాను ఇచ్చే అనుమతి అవుతుంది.

ఆ అనుమతికి హద్దులు గాలిలో గీయరాదు. అలసట, కంగారు, ఇంటికి చేరాలన్న ఆత్రం ఉన్నప్పుడు మనసు తనకు నచ్చిన అంకెనే ఒప్పుకుంటుంది. అందుకే పక్కగాలి ఇంత దాటితే దిగను, విసురు ఇంత ఉంటే బయల్దేరను అని నేల మీద, ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి. వేరే దిశ రన్‌వే ఉన్న మరో విమానాశ్రయం ఏదో, అక్కడికి చేరడానికి ఇంధనం చాలుతుందో లేదో బయల్దేరే ముందే తేల్చుకోవాలి. హద్దును పెంచుకోవాల్సింది సాధనతో. ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, పక్కగాలి ఉన్న రోజులను వెతికి మరీ ఎగరడం అందుకు దారి. నిశ్చలమైన ఉదయాల్లోనే ఎగిరే పైలట్‌కు ఎన్ని గంటల అనుభవమున్నా, ఈ ఒక్క పాఠం రాదు.

రన్‌వే దాటి పార్కింగ్‌కు వెళ్లే దారిలోనూ గాలి పట్టు వదలదు. ఎదురుగా ఏటవాలుగా గాలి వస్తుంటే యోక్‌ను గాలి వైపు తిప్పాలి. వెనక నుంచి ఏటవాలుగా వస్తుంటే గాలికి అవతలి వైపు తిప్పి ముందుకు నొక్కాలి. నెమ్మదిగా నడపాలి, మలుపుల్లో ఇంకా నెమ్మదిగా. నిలిపిన విమానానికీ గాలి ముప్పు తప్పదు. 1903 డిసెంబర్ 17న రైట్ సోదరులు కిట్టీ హాక్ దగ్గర గంటకు 30 కిలోమీటర్లు దాటిన ఎదురుగాలిలో నాలుగుసార్లు ఎగిరి దిగారు. చివరిసారి 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లారు. ఆ తర్వాత నేల మీద నిలిపి ఉన్న విమానాన్ని ఒక విసురు తిరగేసి పాడు చేసింది, అది మళ్లీ ఎగరలేదు. అందుకే చిన్న విమానాన్ని నిలిపాక ముక్కును వీలైనంతవరకు గాలి వైపు పెట్టి, చక్రాలకు ఆపులు వేసి, కంట్రోల్ లాక్ అమర్చి, రెండు రెక్కలనూ తోకనూ తాళ్లతో నేలకు కట్టాలి. ఇంజన్ ఆగిన తర్వాత చేసే ఈ పనులు కూడా ల్యాండింగ్‌లో భాగమే. వీటితోనే అది పూర్తవుతుంది.